కూచిపూడి జతి నుంచి హిప్‌హాప్ దాకా: రాజా కుమారి ప్రస్థానం

మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సంచికకు వ్యాసం అడిగినప్పుడు ఊరి గురించో, గురువుల గురించో రాయాలనే ఎవరికైనా అనిపిస్తుంది. ఆ రెండూ నాకంటే బాగా రాయగలవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. అందుకే నేను మన పిల్లలు చెవుల్లో పెట్టుకుని తిరిగే ఒక సంగీతం చరిత్రను, అందులో పేరు తెచ్చుకున్న ఒక తెలుగింటి ఆడబిడ్డ చరిత్రను ఎంచుకున్నాను. ఆ సంగీతం హిప్‌హాప్. ఆమె యల్లాప్రగడ శ్వేతా రావు. లోకానికి ఆమె రాజా కుమారి.

‘అదేం పాట, గబగబా వాగడం తప్ప’ అని మన వయసువాళ్లు తరచూ అంటుంటారు. నిజానికి మన తరానికి అది పూర్తిగా కొత్తేమీ కాదు. 1992లో బాబా సెహగల్ ‘ఠండా ఠండా పానీ’ క్యాసెట్ దేశమంతా మోగింది. 1994లో ‘ప్రేమికుడు’ సినిమాలో ఎ.ఆర్. రెహమాన్ చేసిన పేట ర్యాప్‌కు కాలేజీ హాస్టళ్లలో గంతులేసినవాళ్లం మనమే. అయితే ఆ ర్యాప్ ఎక్కడ పుట్టిందో, ఎందుకు పుట్టిందో అప్పుడు ఎవరూ మనకు చెప్పలేదు.

బడి బట్టల కోసం పెట్టిన పార్టీ

1973 ఆగస్టు 11న న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్ ప్రాంతంలో, 1520 సెడ్జ్‌విక్ అవెన్యూ అనే అపార్ట్‌మెంట్ భవనంలో ఒక చిన్న పార్టీ జరిగింది. దాన్ని పెట్టింది సిండీ క్యాంప్‌బెల్ అనే అమ్మాయి. సెలవులయ్యాక బడికి కొత్త బట్టలు కొనుక్కోవడానికి ఆమెకు డబ్బు కావాలి. అందుకని ఆడపిల్లలకు 25 సెంట్లు, మగపిల్లలకు 50 సెంట్లు టికెట్ పెట్టింది. రికార్డులు వేసింది ఆమె అన్న క్లైవ్, ఉరఫ్ డీజే కూల్ హెర్క్. ఆ కుటుంబం జమైకా నుంచి వలస వచ్చినది. హిప్‌హాప్ పుట్టినరోజుగా లోకం చెప్పుకొనేది ఆ రోజునే. ఆ లెక్కన 2023కు దానికీ యాభై ఏళ్లు నిండాయి.

హెర్క్ చేసిన పని ఇంజనీరుకు వెంటనే అర్థమవుతుంది. డ్యాన్సు చేసేవాళ్లు పాటంతటికీ ఒకేలా ఊగడం లేదు. మధ్యలో గొంతు ఆగిపోయి డ్రమ్ములు మాత్రమే మోగే కొద్ది సెకన్ల కోసమే కాచుకుని ఉన్నారు. ఆ ముక్కను బ్రేక్ అంటారు. దాన్ని పొడిగించడం ఎలా? ఆయన ఒకే రికార్డు రెండు ప్రతులు తెచ్చి రెండు టర్న్‌టేబుళ్ల మీద పెట్టాడు. ఒకదాని మీద బ్రేక్ అయిపోగానే రెండోదాని మీద అదే బ్రేక్ మొదలుపెట్టేవాడు. ఈలోగా మొదటిదాని ముల్లు వెనక్కి పెట్టేవాడు. అలా కొద్ది సెకన్ల ముక్క నిమిషాల కొద్దీ సాగింది. ఆ డ్రమ్ముల మీద మైకు పట్టుకుని లయకు తగినట్టు మాట్లాడడమే పెరిగి పెరిగి ర్యాప్ అయింది. పేదవాడల్లో నల్లజాతి పిల్లలు, లాటిన్ అమెరికన్ పిల్లలు పాత రికార్డులతోనే ఒక కొత్త కళను కట్టుకున్నారు.

ఆరేళ్లకు, 1979లో, షుగర్‌హిల్ గ్యాంగ్ పేరిట ‘రాపర్స్ డిలైట్’ రికార్డు వచ్చి విపరీతంగా అమ్ముడుపోయింది. ఈ వ్యాసంలో నేను పట్టుకున్న ప్రశ్న అక్కడే మొదలవుతుంది. ఆ పాట కింద మోగే సంగీతం షిక్ బృందం ‘గుడ్ టైమ్స్’ పాటది. దాన్ని కట్టిన నైల్ రోడ్జర్స్, బెర్నార్డ్ ఎడ్వర్డ్స్ గట్టిగా అడిగి రచయితలుగా తమ పేర్లు వేయించుకున్నారు. కానీ అందులోని కొన్ని చరణాలు గ్రాండ్‌మాస్టర్ కాజ్ అనే బ్రాంక్స్ కుర్రాడు తన నోటు పుస్తకంలో రాసుకున్నవి. పాడినవాడు వాటిని ఎంత యథాతథంగా దింపాడంటే, అందులో కాజ్ పెట్టుకున్న మారుపేరు కూడా అలాగే ఉండిపోయింది. అయినా రికార్డు మీద కాజ్ పేరు లేదు. హిప్‌హాప్‌లో మొదటి పెద్ద విజయంలోనే రాసిన వాడి సొత్తు ఇంకొకరి చేతికి పోయింది.

క్లేర్‌మాంట్‌లో కాలిగజ్జెలు

1965లో అమెరికా వలస చట్టం మారాక మన డాక్టర్లు, ఇంజనీర్లు అక్కడికి పోవడం ఊపందుకుంది. 1976లో పిట్స్‌బర్గ్‌లో వేంకటేశ్వరస్వామి గుడి వెలిసింది. 1977లో తానా మొదటి సభ జరిగింది. గుడి, సభ వచ్చాక పిల్లలకు నాట్యం నేర్పాలన్న తపన కూడా వచ్చింది. శ్వేత ఆ తరం బిడ్డ. 1986 జనవరి 11న కాలిఫోర్నియాలో, లాస్ ఏంజెలస్‌కు తూర్పున ఉన్న క్లేర్‌మాంట్ పట్టణంలో, ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన తెలుగు దంపతులకు పుట్టింది. చిన్నప్పుడే కూచిపూడి, భరతనాట్యం, ఒడిస్సీ నేర్చుకుని వేదికలెక్కింది.

ఐదో తరగతిలో ఫ్యూజీస్ అనే బృందం ఆల్బమ్ ‘ది స్కోర్’ ఆమె చేతికి వచ్చింది. అది 1996లో విడుదలైంది. ఆమెను హిప్‌హాప్ వైపు తిప్పింది అదే. పద్నాలుగేళ్లు వచ్చేసరికి అప్పటికప్పుడు మాటలు అల్లి ర్యాప్ చెప్పడం మొదలుపెట్టింది. తర్వాత కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం రివర్‌సైడ్ ప్రాంగణంలో మతాల అధ్యయనం చదివింది. మన ఇళ్లలో అయితే ‘ఆ చదువుతో ఉద్యోగం ఏమొస్తుంది’ అని అడిగేవాళ్లం.

నాట్యానికీ ర్యాప్‌కూ పొత్తేమిటి? లెక్కతో చెబుతాను. హిప్‌హాప్ నడక చతురశ్రం, అంటే నాలుగు దెబ్బల ఆవర్తనం. తకధిమి, తకధిమి అని సాగుతుంది. దాని మీద తకిట, తకిట అని మూడేసి అక్షరాలు వేస్తే మొదట్లో తప్పుతున్నట్టు అనిపిస్తుంది. నాలుగు తకిటలు, మూడు తకధిములు అయ్యేసరికి రెండూ పన్నెండు దగ్గర కలుస్తాయి. మనం బడిలో చేసిన కసాగు అదే. మూడు, నాలుగుల కసాగు పన్నెండు. నట్టువాంగం విని పెరిగిన పిల్లకు ఈ తప్పడం, కలవడం కాళ్లలోనే ఉంటుంది. శాస్త్రీయ నాట్యంలోని లయలే తన ర్యాప్‌కు పునాది అని ఆమె పలు ఇంటర్వ్యూల్లో చెప్పింది. కొన్ని పాటల్లో జతులు నేరుగానే వినిపిస్తాయి.

ఇతరుల పాటలకు మాటలు

లాస్ ఏంజెలస్‌లో ఆమెకు ముందుగా గుర్తింపు తెచ్చింది గొంతు కాదు, కలం. ఇగ్గీ అజేలియా 2013 పాట ‘చేంజ్ యువర్ లైఫ్’ సహరచయితల్లో ఆమె ఒకరు. ఆ పాట ఉన్న ‘ది న్యూ క్లాసిక్’ ఆల్బమ్ గ్రామీ పురస్కారాల్లో ఉత్తమ ర్యాప్ ఆల్బమ్ పోటీకి నిలిచింది. 2014లో ఫాల్ అవుట్ బాయ్ అనే రాక్ బృందం ‘సెంచరీస్’ పాట విడుదల చేసింది. దాని రచయితల్లోనూ ఆమె పేరు ఉంది. అమెరికాలో పాటల రచయితల రాయల్టీలు వసూలు చేసే బీఎంఐ సంస్థ ఆ పాటకు 2016లో ఆమెకు పురస్కారం ఇచ్చింది.

‘సెంచరీస్’ మొదట్లో ఒక ఆడగొంతు కూనిరాగం వినిపిస్తుంది. అది సుజాన్ వేగా 1987 ఆల్బమ్‌లోని ‘టామ్స్ డైనర్’ పాటలోది. ఆ పాటకు ఇంజనీర్ల చరిత్రలో వేరే స్థానం ఉంది. జర్మనీలో కార్ల్‌హైన్జ్ బ్రాండెన్‌బర్గ్ బృందం ధ్వనిని కుదించే పద్ధతి మీద పని చేస్తున్నప్పుడు, వాద్యాలేవీ లేని ఆ ఒంటరి గొంతు దగ్గర లెక్కలు తప్పాయి. వాద్యాల హోరులో దాగే లోపాలు ఒంటరి గొంతులో దాగవు. ఆ పాట సరిగ్గా వినిపించేదాకా వాళ్లు పద్ధతిని సవరిస్తూ పోయారు. అలా తయారైందే ఎంపీత్రీ.

దానివల్ల ఎంత తేడా వచ్చిందో చూడండి. సీడీలో సెకనుకు 44,100 నమూనాలు, ఒక్కో నమూనాకు 16 బిట్లు, రెండు చానళ్లు. మొత్తం సెకనుకు 14,11,200 బిట్లు. నాలుగు నిమిషాల పాటకు దాదాపు 42 మెగాబైట్లు. సెకనుకు 128 కిలోబిట్ల ఎంపీత్రీలో అదే పాట నాలుగు మెగాబైట్లకు లోపే. పాట టెలిఫోన్ తీగలో పట్టే సైజుకు వచ్చింది. పాటను ఊరూరికీ చేర్చడానికి ఫ్యాక్టరీ, గోడౌను, లారీ, దుకాణం ఉన్న కంపెనీయే కావాలన్న అవసరం అక్కడి నుంచి సడలింది. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా ధర పడిపోయాక మన దేశంలోనూ ఆ దారి తెరుచుకుంది.

ముంబయి గల్లీలు, సినిమా తెర

2016లో ఎపిక్ రికార్డ్స్ నుంచి ఆమె సొంత పాటల సంపుటి ‘ది కమ్ అప్’ వచ్చింది. 2017లో ముంబయి ర్యాపర్ డివైన్‌తో ‘సిటీ స్లమ్స్’ పాడింది. అప్పటికే డివైన్, నేజీ అనే ఇద్దరు కుర్రాళ్లు 2015లో ‘మేరీ గల్లీ మే’తో పేదవాడల భాషను ర్యాప్‌లోకి తెచ్చారు. వాళ్ల జీవితాల స్ఫూర్తితో జోయా అఖ్తర్ తీసిన ‘గల్లీ బాయ్’ 2019లో వచ్చింది. అందులో రాజా కుమారి కాసేపు కనిపిస్తుంది. అదే ఏడాది ఎంటీవీ ‘హసల్’ అనే ర్యాప్ పోటీకి రఫ్తార్, న్యూక్లియాలతో కలిసి న్యాయనిర్ణేతగా కూర్చుంది. ‘జీరో’ సినిమాలోనూ, 2023లో షారుక్ ఖాన్ ‘జవాన్’ సినిమాలో అనిరుధ్ స్వరపరచిన టైటిల్ పాటలోనూ ఆమె గొంతు ఉంది.

2020లో ఆమె విడుదల చేసిన ‘ఎన్.ఆర్.ఐ.’ పాటకు మూలం అక్కడ చాలనంత అమెరికన్ కాకపోవడం, ఇక్కడ చాలనంత భారతీయురాలు కాకపోవడం. మన సంఘం సభ్యుల్లో పిల్లలు డల్లాస్‌లోనో సిడ్నీలోనో పెరుగుతున్నవాళ్లు ఆ పాట ఒకసారి వినాలి. వేసవిలో తాత ఊరికి వచ్చి, తెలుగులో నోరు తిరగక, నవ్వులపాలై మూలన కూర్చునే మనవళ్ల మాట అందులో ఉంది.

పట్టా ఎవరి పేరున?

ఒక పాటలో రెండు ఆస్తులుంటాయి. మాటలు, బాణీ కలిసిన రచన ఒకటి. స్టూడియోలో తయారైన ధ్వనిముద్రణ రెండోది. కంపెనీతో ఒప్పందం చేసుకున్న కళాకారులకు సాధారణంగా అడ్వాన్సు ముడుతుంది. దానికి బదులుగా ధ్వనిముద్రణ కంపెనీదవుతుంది. పైగా పాట సంపాదనలో కళాకారుడి వాటా నుంచే ముందు ఆ అడ్వాన్సు తీరాలి. విత్తనానికీ ఎరువుకూ అప్పిచ్చిన వ్యాపారి కళ్లంలోనే పంట తూకం వేసుకోవడం చూసిన మనకు ఇది విడమర్చి చెప్పనక్కర్లేదు. తేడా ఒక్కటే. ఇక్కడ పంటతో పాటు పొలం పట్టా కూడా వ్యాపారి పేరున ఉంటుంది.

మన దేశంలో సినిమా పాటల రచయితలకూ స్వరకర్తలకూ చాలాకాలం ఇదే గతి. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించి, రాయల్టీలో వాళ్ల వాటాను వారసులకో, కాపీరైటు సొసైటీకో తప్ప మరెవరికీ రాసిచ్చే వీలు లేకుండా చేశారు. అప్పుడు రాజ్యసభలో ఉన్న కవి జావేద్ అఖ్తర్ దాని కోసం గట్టిగా నిలబడ్డారు.

ఈ నేపథ్యంలో చూస్తే రాజా కుమారి వేసిన తర్వాతి అడుగు బరువు తెలుస్తుంది. పెద్ద కంపెనీల గొడుగు వదిలి ఆమె గాడ్‌మదర్ రికార్డ్స్ అనే సొంత సంస్థ పెట్టుకుంది. 2022లో, అలీషా చినాయ్ 1995లో పాడి ఊపేసిన ‘మేడ్ ఇన్ ఇండియా’ను కొత్తగా చేసింది. ఆ వీడియోలో మాధురీ దీక్షిత్ కనిపిస్తారు. 2023లో తన మొదటి పూర్తి ఆల్బమ్ ‘ది బ్రిడ్జ్’ విడుదల చేసింది. బ్రిడ్జ్ అంటే వంతెన. రెండు దేశాల మధ్య తన స్థానానికి ఆమె పెట్టుకున్న పేరు అది.

స్వతంత్ర కళాకారిణి అంటే ఎవరి సాయమూ లేనిదని కాదు. సినిమా కంపెనీలకు ఆమె పాడుతూనే ఉంది. తన సొంత పాటల పట్టా మాత్రం తన పేరున ఉంచుకుంది. దీనికి ఖరీదూ ఉంది. స్టూడియో అద్దె, వీడియో ఖర్చు, ప్రచారం అన్నీ సొంతంగా పెట్టుకోవాలి. పాట ఆడకపోతే పంచుకునేవాళ్లు ఉండరు. పట్టా మనదైతే కరువూ మనదే. ఉన్న ఉద్యోగం మానేసి చిన్న పరిశ్రమ పెట్టుకున్న మన మిత్రులకు ఆ లెక్క బాగా తెలుసు.

మనదే ముందా?

ఇలాంటి విషయం వచ్చినప్పుడల్లా ‘ర్యాప్ మనకెప్పుడో ఉంది, బుర్రకథ అదే కదా’ అనే మాట వినిపిస్తుంది. పోలిక ఉన్నమాట నిజం. బుర్రకథలో కథకుడికి ఇరువైపులా వంతలుంటారు. ఒకరు హాస్యం చెబితే ఇంకొకరు నాటి రాజకీయం చెబుతారు. షేక్ నాజర్ ఆ కళతో జనాన్ని కదిలించి 1986లో పద్మశ్రీ అందుకున్నారు. ఛందస్సులోనూ పోలికలున్నాయి. మాత్రల నడకతో, అంత్యప్రాసతో జంట పాదాలుగా సాగే రగడలు మనకున్నాయి. గురజాడ ముత్యాలసరంలో మూడు, నాలుగు మాత్రల నడక ఉంది.

అయినా బుర్రకథ ర్యాప్ కాదు. ర్యాప్ బ్రాంక్స్ పిల్లల కష్టంలోంచి వచ్చింది. దాన్ని మనదనడం కాజ్ నోటు పుస్తకాన్ని ఇంకోసారి తీసుకోవడమే అవుతుంది. రాజా కుమారి చేసింది వేరు. వాళ్ల కళ దగ్గరకు వెళ్లి నేర్చుకుని, తన కాళ్లలో ఉన్న లయను దానికి కలిపింది.

ఒక లోటు కూడా చెప్పాలి. ఆమె పాటలు చాలావరకు ఇంగ్లీషువే. నాట్యం సముద్రం దాటినంత సులువుగా భాష దాటలేదు. ఆ పని ఇక్కడివాళ్లు చేస్తున్నారు. బిగ్ బాస్ చూసినవాళ్లకు తెలిసిన నోయెల్, రోల్ రైడా హైదరాబాదు నుంచి తెలుగులో ర్యాప్ చెప్పారు. తెలుగులో దీనికొక చిక్కుంది. మన మాటలు దాదాపు అన్నీ అచ్చులతో ముగుస్తాయి కాబట్టి పాదం చివర ప్రాస కలపడం మరీ సులువు. ‘వచ్చాడు, తెచ్చాడు, ఇచ్చాడు’ అని ఎంతసేపైనా పోవచ్చు. సులువైనదానికి చెవి త్వరగా అలవాటు పడుతుంది. అందుకే మన పాత కవులు బలాన్ని పాదం లోపల పెట్టారు. రెండో అక్షరానికి ప్రాస, మధ్యలో యతి. తెలుగు మాస్టారు గణవిభజన చేయించిన పిల్లవాడు రేపు మంచి తెలుగు ర్యాప్ రాస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు.

రేనాటి పాటకు పేరు ఎవరిది?

ఇదంతా రుద్రవరానికి ఎందుకంటారా? మన రేనాడు పాటతోనే చరిత్రను దాచుకున్న నేల. ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరితీశారు. కుంఫిణీ వాళ్లు తమ కాగితాల్లో ఆయన్ను తిరుగుబాటుదారుగా రాసుకున్నారు. జనం మాత్రం వీరుడిగా పాడుకున్నారు. 2019లో ‘సైరా’ వచ్చేదాకా తరతరాలకూ ఆ కథను చేర్చింది ఊరూరా తిరిగి పాడినవాళ్లే. కరువులో జనానికి అన్నం పెట్టిన బుడ్డా వెంగళరెడ్డి కీర్తీ పాటగానే మిగిలింది. ఏటా అహోబిల నరసింహస్వామి తన పెళ్లికి జనాన్ని పిలవడానికి పారువేటగా మన చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగేటప్పుడూ వెంట పాట ఉంటుంది. ఈ పాటలు కట్టినవాళ్ల పేర్లు మనలో ఎందరికి తెలుసు? కాజ్‌కు జరిగిందే వాళ్లకూ జరిగింది. దోచుకున్నవాళ్లు లేకపోయినా, రాసిపెట్టినవాళ్లు లేక పేరు పోయింది.

అందుకే స్వర్ణోత్సవ వేళ సంఘం ముందు రెండు ప్రతిపాదనలు పెడుతున్నాను. మన మండలంలో పాత పాటలు వచ్చిన పెద్దలు ఇంకా ఉన్నారు. వాళ్లను బడికి పిలిచి, అనుమతి తీసుకుని, పాటలు రికార్డు చేద్దాం. ప్రతి పాటకూ పాడినవారి పేరు, ఊరు, నేర్పినవారి పేరు రాసి బడి గ్రంథాలయంలో ఉంచుదాం. రెండోది, వార్షికోత్సవంలో సినిమా పాటల నృత్యాలతో పాటు, పిల్లలు సొంతంగా రాసుకున్న తెలుగు పాటకో ర్యాప్‌కో పావుగంట కేటాయిద్దాం. నీళ్ల గురించి రాస్తారో, బస్సు రాకపోవడం గురించి రాస్తారో, మన గురించే రాస్తారో వాళ్లిష్టం. కార్యక్రమ పత్రంలో పాట పక్కన రాసినవాళ్ల పేరు తప్పకుండా అచ్చు వేయాలి. మంచి మైకు, స్పీకర్ల ఖర్చుకు నా వంతు నేను ఇస్తాను. మిగిలినది సర్వసభ్య సమావేశంలో మాట్లాడుకుందాం.